తొట్టి చుట్టూ ముగ్గు

సోమవారం

తొట్టి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ రోజూ తొట్టి సంగతులు రాసి పెట్టాలని నీటి సంఘం వారి ఉత్తర్వు. నేను రాసేది ఇంతవరకూ ఎవరైనా చదివిన దాఖలా లేదు. పోయిన నెల నీటి మట్టం రాయాల్సిన చోట మా అత్తగారి గోంగూర పచ్చడి ఎలా చేయాలో మొత్తం రాశాను. ఒక్కరూ కిమ్మనలేదు. కాబట్టి నాకు తోచినట్టు రాస్తాను.

ఇవాళ్టి శుభవార్త: దొరసాని గూడు కడుతోంది!

దొర, దొరసాని మా ఇంటి కొరమీను జంట. భూమి నుంచి వచ్చిన రవాణా బండిలో వేలెడంత పిల్లలుగా దిగాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ నా మోచేయంత పొడుగు. నిన్నటి నుంచి రెండూ కలిసి నాచును పక్కకు నెట్టి, తొట్టిలో ఒక మూల గుండ్రంగా చోటు చేస్తున్నాయి. మాది భీమవరం వైపు చేపల చెరువుల వంశం. కొరమీను ఇలా నాచు సర్దుతోందంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్లు పెట్టబోతోంది.

ఇది మామూలు సంగతి కాదు. చందమామ నేల కింద మేం కట్టుకున్న ఈ వెన్నెలగుంట ఊళ్లో ఇప్పటిదాకా ఏ చేపా గుడ్లు పెట్టలేదు. ఇక్కడ ఏ వస్తువైనా భూమి మీదకంటే ఆరు రెట్లు తేలిక. ఆ తేలికతనంలో చేపలకు పైకీ కిందకీ తేడా తెలియదనీ, ఇక అవి సంసారం ఏం చేస్తాయనీ పెద్దలు తేల్చేశారు. అందుకే చేప భూమి నుంచి రావడం, ఇళ్ల తొట్లలో పెరగడం, ఊరి వంటశాలకు పోవడం తప్ప ఇక్కడ పుట్టడమనేది లేదు.

అత్తగారు మంగతాయారు గారు బూడిద గుమ్మడికాయ తరుగుతుంటే వెళ్లి చెప్పాను.

“అయితే పురుడు మనింట్లోనే పోయాలంటారా అల్లుడుగారూ?” అన్నారు.

“ఇంకెక్కడికి పంపుతామండీ?”

“నిజమేలెండి. దానికి పుట్టిల్లయినా అత్తిల్లయినా ఇదేగా.”

నేను సంతోషం పట్టలేక ఒక్క గెంతు గెంతాను. తల కప్పుకు తగిలింది. ఇన్నేళ్లయినా ఈ ఊళ్లో సంతోషపడటం నాకింకా చేతకాలేదు.

నీటి మట్టం ఎర్రగీతకు గోరంత కింద. పెద్ద విషయం కాదు.

మంగళవారం

పెద్ద విషయమే.

ఇవాళ నీళ్లు మరో గోరంత దిగాయి. తొట్టి అద్దం మీద నీటి సంఘం వాళ్లు గీసిన ఎర్రగీత ఉంటుంది. తొట్టి మాదే గానీ నీళ్లు మావి కావు, ఊరివి. ఊరి నీటి నిల్వ అంతా ఇలాగే ఇళ్లలో పంచి పెట్టారు. చేపలు పెంచుకోండి, చూసి మురిసిపోండి, గీత మాత్రం తగ్గకూడదు. మూత బిగించి ఉంటుంది కాబట్టి ఆవిరైపోయిందని చెప్పడానికి లేదు. తగ్గితే, తనిఖీ నాటికి ఆ నీళ్లు చూపించాలి. చూపించలేకపోతే తొట్టి ఖాళీ చేసి తీసుకుపోతారు. చేపలు వంటశాలకు పోతాయి.

తనిఖీ వచ్చే సోమవారం.

పోనీ మేం తాగే నీళ్లు పోద్దామంటే వాటిలో మందు కలుపుతారు. అది మనుషులకు మంచిదే, కొరమీనుకు విషం.

తొట్టి చుట్టూ నేల మీద కూత తాడు ఉంది. చుక్క తడి తగిలితే చాలు, చెవులు చిల్లులు పడేలా కూసే తాడది. అది నోరు మెదపడం లేదు. పాడైందేమోనని దాని మీద వేలు తడిపి పెట్టాను. వీధి వీధంతా తలుపులు తీసి చూసేంత గట్టిగా కూసింది. తాడు బాగానే ఉంది. నీళ్లే లేవు.

అతుకులన్నీ వేళ్లతో తడిమాను. తొట్టి కింద దూరి, అద్దమూ దీపమూ పట్టుకుని వెతికాను. గొట్టాలు విప్పి మళ్లీ బిగించాను. ఎక్కడా చెమ్మ లేదు. దొర అద్దం దగ్గరకు వచ్చి నన్నే చూస్తూ ఉండిపోయాడు. కాబోయే తండ్రి కదా, కంగారు ఉంటుంది.

బుధవారం

నీళ్లు ఇంకా దిగాయి. ఇప్పుడు గీతకూ నీళ్లకూ మధ్య నా చిటికెన వేలు అడ్డంగా పడుతోంది.

“మీ తాడును నమ్మలేం అల్లుడుగారూ. ఉండండి, నేను పట్టిస్తాను దొంగని,” అని అత్తగారు బియ్యప్పిండి డబ్బా తెచ్చారు. తొట్టి చుట్టూ నేలంతా తుడిచి, ఆరబెట్టి, పొడి పిండితో చుక్కలు పెట్టి, మెలికల ముగ్గు వేశారు. చుక్క నీరు పడితే పిండి ముద్దవుతుంది, ఎక్కడ పడిందో మచ్చ కనిపిస్తుంది. ఆలోచన బాగుంది. ఇక్కడ పిండి కూడా తాపీగా రాలుతుంది కాబట్టి, మంగతాయారు గారి చేతి నుంచి జారే గీత చూడటానికి మహా అందంగా ఉంటుంది.

సాయంత్రానికి ముగ్గు ఎలా వేసింది అలాగే ఉంది. నీళ్లు మాత్రం తగ్గాయి.

ఆవిడకు ఇంకో బెంగ కూడా పట్టుకుంది. మా ఆవిడ హైమ మంచు గనిలో పనిచేస్తుంది. నెలాఖరుకు ఇంటికొస్తుంది. కూతురికి గుమ్మడి వడియాలంటే ప్రాణమని అత్తగారు ఆదివారం నుంచీ వడియాలు పెడుతున్నారు. ఈ ఊళ్లో ఎండ లేదు. ఇంట్లో ఎండలాంటిదంటే చేపల కోసం తొట్టి మీద పెట్టిన వేడి దీపం ఒక్కటే. అందుకని ఆవిడ పాత నూలు పంచె ఒకటి తీసి, ఒక అంచు తొట్టి మూత కింద దోపారు. రెండో అంచు దీపం పక్కన కప్పుకు మేకు కొట్టి బిగించారు. అలా బిగించకపోతే ఇక్కడ పంకా గాలికే గుడ్డ లేచిపోతుంది. ఏటవాలుగా నిలబడ్డ ఆ గుడ్డ మీద వడియాలు బుద్ధిగా అంటుకుని కూర్చున్నాయి.

“అల్లుడుగారూ, ఇవి ఆదివారం పెట్టినవండీ. ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఈ ఊరి ఎండలో పస లేదు,” అన్నారు.

“దీపం ఎండ కదండీ, అంతే,” అన్నాను.

నా తల నిండా ఎర్రగీతే ఉంది. వడియాల గురించి ఎవరు ఆలోచిస్తారు?

గురువారం

పొద్దున్నే పైనుంచి కర్ర చప్పుడు. మా ఇంటి పై అంతస్తులో సువార్తమ్మ గారుంటారు. ఊరి ఆసుపత్రిలో పురుళ్లు పోసి పోసి ఈమధ్యే పని మానుకున్నారు. ఒక్కరే ఉంటారు. ఏదైనా కోపం వస్తే నేల తుడిచే కర్రతో నేలను పొడుస్తారు, అది మా కప్పు. మామూలుగా రెండు పోట్లు పడతాయి. ఇవాళ ఆపకుండా పొడిచి, చాలక కిందికే దిగి వచ్చారు.

“ఏంటయ్యా తమ్ముడూ, మీ తొట్టి నీళ్లు మా ఇంట్లోకొస్తున్నాయి!”

నాకు అర్థం కాలేదు. “మా తొట్టి కింద ఉంది కదండీ.”

“కిందుంటే? నా నేల చెమ్మగిల్లుతోంది. రోజూ తుడుస్తున్నా, రోజూ వస్తోంది.”

నాకు నవ్వాగలేదు. భీమవరంలో మా తాత పై అంతస్తు వాళ్ల స్నానాలగది కారుతోందని జీవితాంతం పోట్లాడాడట. కింది ఇల్లు పై ఇంట్లోకి కారడం నేనెప్పుడూ వినలేదు.

“నీళ్లు పైకెక్కుతాయా సువార్తమ్మ గారూ?”

“ఎక్కుతాయో దూకుతాయో నాకెందుకు? ఆ నవ్వేంటి? పైగా ఆ నీళ్లు ఇంగువ వాసనొస్తున్నాయి.”

“అయితే అవి మావి కావండీ. మా చేపలు ఇంగువ తినవు.”

తప్పే. పెద్దావిడతో అలా అనకూడదు. ఆవిడ మొహం ఎర్రబడింది.

“నవ్వు నవ్వు. గుడ్డతో ఒత్తి పిండిన ప్రతి చుక్కా సీసాల్లో పోసి పెట్టా. సోమవారం తనిఖీ ఆయన వస్తాడుగా, ఆయన ముందు పెడతా. అప్పుడు నవ్వుదువు.”

ఈ ఊళ్లో చిందిన నీటిని పారేయడమంటే అన్నం పారేసినంత పాపం. ఎవరింట్లో ఎవరి నీళ్లు చిందినా దాచిపెట్టి, తనిఖీలో సాక్ష్యంగా చూపించి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫిర్యాదు నిలబడితే ఇక తొట్టికి నూకలు చెల్లినట్టే.

ఆవిడ వెళ్లాక కూడా కాసేపు నవ్వాను. తర్వాత ఎర్రగీత చూస్తే నవ్వు ఆగిపోయింది. రెండు వేళ్లు.

శుక్రవారం

గుడ్లు పెట్టింది! గుడ్లు పెట్టింది! గుడ్లు పెట్టింది!

పొద్దున దీపం వెలిగించగానే కనిపించాయి. నాచు మధ్యలో, నీటి పైన, ఆవాలంత గుడ్లు. లేత పసుపు రంగులో తేటగా, ఒకదాన్నొకటి ఆనుకుని తేలుతున్నాయి. కింద దొర ఒక పక్క, దొరసాని ఒక పక్క కాపలా. పైకీ కిందకీ తేడా తెలియదన్న పెద్దమనుషులందరినీ పిలిచి చూపించాలనిపించింది. గుడ్లు ఎంచక్కా పైనే తేలుతున్నాయి, తల్లిదండ్రులు ఎంచక్కా కిందే ఉన్నారు.

అత్తగారు మూత అద్దంలోంచి చూసి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. చేపను చూస్తే పులుసు గుర్తొచ్చే వంశాలు మావి రెండూ. అలాంటిది ఆవిడ చేపకు దిష్టి తీశారు.

గనిలో ఉన్న హైమకు ఫోన్ చేశాను. అవతల పెద్ద పెద్ద యంత్రాల రొద.

“గుడ్లా? నిజంగానా?” అని అరిచింది. “నేనొచ్చేదాకా వాటికేమీ కాకుండా చూడవయ్యా బాబూ!”

సరేనని చెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక మళ్లీ ఎర్రగీత చూశాను. గుడ్లు నీటిమీద తేలుతున్నాయి. నీళ్లు దిగుతున్నాయి. సోమవారం ఈ తొట్టి ఖాళీ చేస్తే చందమామ మీద మొదటిసారి పుట్టబోయే ఈ ప్రాణాలు పుట్టకముందే పోతాయి. వాటి అమ్మానాన్నలు పులుసవుతారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. మళ్లీ తొట్టి కింద దూరాను.

శనివారం

దొంగ దొరికింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సువార్తమ్మ గారు మళ్లీ కర్రతో పొడిచారు. ఈసారి అత్తగారికి రోషం వచ్చింది.

“మన నీళ్లు మింగేది చాలక మనల్నే పొడుస్తారా! ఉండండి, ఆ చెమ్మ ఎక్కణ్నుంచి వస్తోందో ఆవిడ ఇంట్లోనే తేలుస్తాను. వాళ్ల గొట్టమే పగిలుంటుంది,” అని పిండి డబ్బా పట్టుకుని మెట్లెక్కారు. నేను వెనకాల పరిగెత్తాను.

సువార్తమ్మ గారు తలుపు తీసి డబ్బా వైపు చూశారు.

“మా ఇంట్లో ముగ్గేంటండీ?”

“ముగ్గు దేవుడి కోసం కాదమ్మా. దొంగ కోసం.”

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి పక్కకు తప్పుకున్నారు. ఆవిడకూ ఆ దొంగ కావాలి. నేలంతా ఆవిడే గుడ్డతో ఒత్తి, పిండి, ఆ నీళ్లు సీసాలో పోశారు. కిటికీ గట్టు మీద సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటి మెడకూ చీటీలు.

అత్తగారు గదంతా పరుచుకునేలా పెద్ద ముగ్గు వేశారు. సువార్తమ్మ గారు మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని, మమ్మల్ని కూర్చోమని మొహమాటానికి టీ ఇచ్చారు. ముగ్గురం నేలను చూస్తూ కూర్చున్నాం. ఎవరి గొట్టం పగిలిందో తేలాలి.

టీ అయ్యేలోగా ముగ్గు మధ్యలో ఒక చుక్క నల్లబడింది. చుట్టూ తెల్లగా ఉంది, ఆ ఒక్క చుక్కే. చూస్తుండగానే పక్కనున్న మెలిక ముద్దయింది. పైనుంచి ఏమీ పడలేదు. కిందినుంచే, నేలలోంచే వచ్చింది.

“చూశారా! నేను చెప్పలా?” అని సువార్తమ్మ గారు మంచం దిగారు.

అత్తగారు ఇంకా రోషంగానే ఉన్నారు. “దీనికి సూటిగా కింద మనింట్లో ఏముందండీ అల్లుడుగారూ?”

కళ్లు మూసుకుని లెక్కేశాను. తలుపు ఇటు. గోడ ఇటు. తొట్టి ఇక్కడ. దాని మీద దీపం. దీపం పక్కన మేకు. మేకుకు...

“వడియాల గుడ్డండీ,” అన్నాను.

అత్తగారి చెయ్యి నోటి మీదకు వెళ్లిపోయింది.

అందరం కిందికి పరిగెత్తాం. పంచె మొదటి అంచు మూత కింద దోపిన చోట నుంచి జారి, ఎప్పటినుంచో తొట్టి నీళ్లలో మునిగి ఉంది. అక్కణ్నుంచి కప్పు దాకా గుడ్డంతా తడి. మేకు చుట్టూ కప్పు ఇటుక కూడా తడే. ఆ ఇటుక చందమామ దుమ్మును అచ్చులో పోసి నొక్కి చేసింది. నీళ్లు తగిలితే పీల్చేసుకుంటుంది.

భూమి మీద గుడ్డ కొస నీళ్లలో పెడితే తడి జానెడు ఎక్కి ఆగిపోతుంది. ఇక్కడ నీళ్లకు అంత బరువు లేదు, ఆరు జానలైనా ఎక్కుతాయి. ఎక్కి, వడియాలను పలకరించి, వాటి ఇంగువను వెంటబెట్టుకుని, ఇటుకలోంచి సువార్తమ్మ గారి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లాయి. మేమేమో నేల మీద తాడు పరిచాం, నేల మీద ముగ్గు వేశాం. ఇన్నేళ్లుగా ఇక్కడ గెంతుతూ నడుస్తున్నాం, కప్పుకు తలలు కొట్టుకుంటున్నాం. అయినా మా బుర్రల్లో నీళ్లు మాత్రం భీమవరంలో లాగే కిందకే కారుతున్నాయి.

“గుడ్డ తడిగా ఉంటే పిండి తడి అనుకున్నానండీ,” అన్నారు అత్తగారు చిన్న గొంతుతో. “ఎంతకీ ఎండకపోతే ఎండను తిట్టాను.”

నేను కూడా రోజూ ఆ గుడ్డ పక్కనే నిలబడి తొట్టి కింద వెతికాను. ఎవరిని ఏమనగలను? నవ్వొచ్చింది. నన్ను చూసి అత్తగారు నవ్వారు. సువార్తమ్మ గారు మాత్రం నవ్వలేదు. ఆవిడ తొట్టి వైపు చూస్తున్నారు.

“అవేంటి తమ్ముడూ, ఆ పసుపుపచ్చనివి?”

“గుడ్లండీ. నిన్న పెట్టింది.”

ఆవిడ అద్దానికి మొహం ఆనించి చాలాసేపు చూశారు. దొరసాని కదల్లేదు. ఆవిడా కదల్లేదు. చివరకు పైకి వెళ్లిపోయారు.

గుడ్డ తీసేశాం. వడియాలు పళ్లెంలోకి మార్చాం. నీళ్లు దిగడం ఆగిపోయింది. కానీ పోయినవి పోయినట్టే. గీతకు మూడు వేళ్ల కింద ఉన్నాయి.

ఆదివారం

పిల్లలు వచ్చేశాయి!

నాచు మధ్య సన్నగా, నల్లటి వెంట్రుక ముక్కల్లా వణుకుతున్నాయి. ఎన్నున్నాయో ఆ దేవుడికే తెలియాలి. దొర తొట్టి చుట్టూ గస్తీ తిరుగుతున్నాడు. నా వేలు అద్దం దగ్గరకు వెళితే తలతో అద్దాన్ని పొడిచాడు. నా ఇంట్లో నన్నే బెదిరిస్తున్నాడు. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

రేపు తనిఖీ. నీళ్లు ఎలా పోయాయో చెప్పగలను, తెచ్చి మాత్రం చూపించలేను. నీళ్లున్నది సువార్తమ్మ గారి సీసాల్లో. అవి వచ్చేది నా మీద సాక్ష్యానికి. పైకి వెళ్లి బతిమాలుదామని మెట్ల దాకా వెళ్లాను. ఆవిడ మొహాన నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను. అయినా వెళ్లి తలుపు తట్టి, తలుపు బయటి నుంచే, “గురువారం నవ్వినందుకు క్షమించండక్కా,” అన్నాను.

లోపలినుంచి నీళ్లు పోస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది.

సోమవారం

ఓబులేసు గారు వచ్చారు. అనంతపురం వైపు మనిషి. ఆయన తాతముత్తాతలు బోరు బావుల వెంట తిరిగి తిరిగి అలసిపోయినవాళ్లట. నీళ్లంటే ఆయనకు భక్తి. చెప్పులు బయట విడిచి, తొట్టికి దణ్ణం పెట్టి మరీ కొలత తీస్తారు. తోపుడు బండి మీద వడపోత కుండ ఉంటుంది.

“ఏమప్పా సోమరాజూ, నీల్లు శానా తక్కువుండాయే. యాడికి పోయినాయ్?”

“పైకండీ.”

“పైకా? ఇన్నేండ్లకు నీల్లు పైకి పోయినాయని చెప్పినోన్ని నిన్నే సూస్తాండా.”

అంతా చెప్పాను. గుడ్డ, మేకు, ఇటుక, ఇంగువ. అత్తగారు తప్పు తనదేనన్నారు. ఆయన కప్పు తడిమి, తడి చూసి, తల ఊపారు. తర్వాత తొట్టిలోకి వంగారు. పిల్లలు ఒక్కసారిగా పక్కకు జరిగాయి. ఆయన నోరు వెళ్లబెట్టారు.

“ఇవి ఈడనే పుట్టినాయా?”

“ఈ తొట్లోనేనండీ.”

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. “సోమరాజూ, నాకూ బాధగానే ఉండాది. కానీ నేను కండ్లు మూసుకుంటే రేపు ఊరంతా కండ్లు మూసుకోమంటాది. పోయిన నీల్లు సూపించల్ల. ల్యాకుంటే తొట్టి ఎత్తల్ల. ఇంకో దారి ల్యా.”

అప్పుడే మెట్ల మీద గాజు సీసాల చప్పుడు వినిపించింది.

సువార్తమ్మ గారు బుట్ట నిండా సీసాలు పెట్టుకుని దిగి వచ్చారు. ఆదివారం ప్రార్థనకు కట్టుకునే తెల్లచీర కట్టుకున్నారు. అత్తగారు నా వెనక్కి వచ్చి నిలబడ్డారు.

ఓబులేసు గారు సీసాలు చూశారు. “ఏందమ్మా, ఫిర్యాదా?”

“ఫిర్యాదేంటయ్యా! సారె,” అన్నారు సువార్తమ్మ గారు. “పురిటింటికి వట్టి చేతుల్తో వస్తారా ఎవరన్నా?”

బుట్టను తొట్టి పక్కన దించారు.

“ఈ ఊళ్లో మొదటి మనిషి బిడ్డ నా చేతుల్లోనే పడింది,” అన్నారావిడ. “ఇవి పుడుతుంటే నేను పైన కూర్చుని కర్రతో పొడుస్తున్నా. నిన్నంతా కూర్చుని ఈ నీళ్లు తేర్చా. ఇవి దొరసానివే, దానికే పోయండి.”

ఓబులేసు గారు ఒక్కో సీసా వడపోత కుండలో ఒంపారు. కుండ అడుగున తేటగా రాలిన నీళ్లను ఆవిడే తన చేత్తో, చంటిబిడ్డకు నీళ్లు పోసినట్టు, తొట్టి అంచు వెంట నెమ్మదిగా పోశారు. నీళ్లు రెండు వేళ్లకు వచ్చాయి. ఒక వేలికి వచ్చాయి. దొరసాని పిల్లల్ని వెంటబెట్టుకుని నీళ్లతోపాటు పైకి వచ్చింది. ఆఖరు సీసా అయిపోయేసరికి గీతకు గోరంతే తక్కువ.

“గోరంత తక్కువుండాది,” అన్నారు ఓబులేసు గారు.

అత్తగారు పళ్లెం తెచ్చి ముందు పెట్టారు. “అదిందులో ఉందండీ. వడియాలు తాగేశాయి.”

ఆయన వడియం ఒకటి తీసి నొక్కి చూశారు. తొట్టి మీది దీపం వైపు పట్టుకుని పరిశీలించారు. చాలా గంభీరంగా మొహం పెట్టారు.

“అయితే ఏయించు తల్లీ. అదీ తనిఖీ చేయల్ల.”

సగమే ఎండిన వడియాలు నూనెలో చిటపటలాడి ఇంటి నిండా ఎగిరాయి. కొన్నిటిని గాల్లోనే పట్టుకుని తిన్నాం. కాస్త చేప వాసన వచ్చిన మాట నిజం. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తొట్టి నిలిచింది. ఓబులేసు గారు మూడోసారి కూడా వడ్డించుకున్నారు.

నెలాఖరు, శుక్రవారం

ఇవాళ బారసాల. పిల్లలు కుంకుమ రంగుకు తిరిగాయి. గుంపుగా తిరుగుతుంటే తొట్టిలో ఎర్రటి మబ్బు తేలినట్టుంది. కింద అమ్మానాన్నలు, పైన పిల్లలు. ఊళ్లో సగంమంది వచ్చి చూసిపోయారు. పైకీ కిందకీ తేడా తెలియదన్న పెద్దాయన కూడా వచ్చాడు. దొర ఆయన్ను చూసి అద్దం పొడిచాడు.

హైమ గని బట్టలతోనే వచ్చి తొట్టి ముందు చతికిలబడింది. “ఇన్నింటికి పేర్లెక్కడ తెస్తామే అమ్మా?” అంది. అన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టాలని తేల్చాం. పేరు పెట్టే హక్కు సువార్తక్కది. ఆవిడ కాసేపు ఆలోచించి “సారె పిల్లలు” అన్నారు. అదే ఖాయమైంది. నీటి సంఘం వాళ్లు ఊరి చివర చిన్న చెరువు తవ్విస్తామని కబురు పెట్టారు. పిల్లలు పెద్దవైతే అక్కడికి వెళతాయి, వంటశాలకు కాదు.

కూత తాడును నేల మీంచి తీసి కప్పుకు కట్టాను. భోజనాలు వడ్డిస్తుంటే అది ఒక్కసారిగా కూసింది. అందరం విస్తళ్లు వదిలేసి లేచాం. ఏం లేదు. హైమ మేత వేయడానికి మూత తీస్తే దొర ఆనందం పట్టలేక ఎగిరాడు, చిందిన నీళ్లు కప్పుకు కొట్టుకున్నాయి. ఆయన గారికీ ఈ ఊళ్లో సంతోషపడటం చేతకాలేదు.

సువార్తక్క ఏదో పనుండి అప్పుడే పైకి వెళ్లి ఉన్నారు. కూత విని కర్రతో రెండు పోట్లు పొడిచారు.

“తమ్ముడూ! పిల్లలు క్షేమమేనా?”

“క్షేమమే అక్కా!”

నీటి మట్టం ఎర్రగీతకు గోరంత కింద. దొర చిందించిన ఆ గోరంత ఇటుకలోంచి మెల్లగా పైకి వెళుతోంది. సాయంత్రం సువార్తక్క సీసాలో పట్టి తెచ్చి పోస్తారు.